గేసే అనుకుందాం

పలాసలో గ్యాసు అన్న మాట పలకకుండా ఒక పూట గడపగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా సందు చివర ఢిల్లీబాబు ఇనప గేట్లు అతికేది గ్యాసుతో. పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకుని మోసేది గ్యాసు లైటు. ఆడవాళ్లు రేషన్ కార్డు పట్టుకుని వరసలో నిలబడి తెచ్చుకునేది గ్యాసు బండ. ఎన్నికలప్పుడు మైకు దొరికిన ప్రతివాడూ కొట్టేదీ గ్యాసే. వీటన్నిటితో నాకు పేచీ లేదు. కడుపులో, ఛాతీలో, నడుంలో, ఆఖరికి మోకాలి చిప్పలో ఏ నొప్పి వచ్చినా దానికీ గ్యాసనే పేరు పెట్టి తిన్నగా నా కొట్టుకి వచ్చేవాళ్లు చూడండి, వాళ్లతోనే నా బతుకంతా గడిచింది.

నాది సోడా కొట్టు. కాశీబుగ్గలో ఉద్దానం బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉంటుంది. గోళీసోడాలు నేనే నింపుతాను. మిషన్లో సీసాలు బిగించి, గ్యాసు సిలిండరు గొట్టం తగిలించి గిరగిరా తిప్పడమే పని, పెద్ద విద్యేం కాదు. కానీ ఉప్పు సోడా కలపడంలో నాకొక చెయ్యి ఉందని అందరూ అనేవారు. నౌపడ కల్లుప్పు దంచి రెండు చిటికెలు వేసి, అరచెక్క నిమ్మకాయ పిండి, గోళీ కొట్టి పైనుంచి పోస్తే బుస్సున పొంగేది. పొంగు తగ్గకుండా గటగటా తాగెయ్యాలి. తాగినవాడు ఒక పెద్ద త్రేన్పు త్రేన్చి, "అమ్మయ్య, ఎలిపోయింది గేసు" అని భుజాన తువ్వాలు దులుపుకుని బస్సెక్కేవాడు. "కూర్మనాథం ఉండగా మనకి డాక్టర్లెందుకురా" అని నవ్వుకునేవారు. కూర్మనాథం అంటే నేనే. ఆ మాట విన్నప్పుడల్లా నా ఛాతీ కొంచెం ఉబ్బేది. అది నిజం, దాచి ఏం లాభం.

మా బావ ఢిల్లేశ్వరరావు కూడా అలా వచ్చినవాడే. మా అప్ప రాజులమ్మ మొగుడు. అక్కని మేం అప్ప అనే పిలుస్తాం, నాకంటే ఐదేళ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది తనే. ఉద్దానంలో సముద్రం హోరు వినపడేటంత దగ్గర వాళ్ల ఊరు. నలభై కొబ్బరి చెట్లు, చిన్న జీడితోట ఉండేవి. వారానికోసారి బావ జీడిపిక్కలో, కొబ్బరికాయలో పట్టుకుని పలాస వచ్చేవాడు. పని అయ్యాక నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని మాటలు మొదలుపెట్టేవాడు. తన తోటలో జీడిపప్పు నోట్లో వేసుకుని బరంపురం ఒడియా సేటు కళ్లనీళ్లు పెట్టుకున్నాడనీ, తనని అక్కడే ఉండిపొమ్మని కాళ్లు పట్టుకున్నాడనీ చెప్పేవాడు.

"గేసు కొట్టకు బావా," అనేవాణ్ని.

"ఒరే బామ్మర్దీ, నువ్వు సీసాలో కొడితే డబ్బులిత్తారు, నాను నోటితో కొడితే తప్పేటిరా?" అని పగలబడి నవ్వేవాడు. అలాంటి మనిషి. ఆయన కూర్చుంటే నా బల్ల దగ్గర ఇంకో నలుగురు చేరేవారు.

రెండువేల రెండులో అనుకుంటాను, ఒక రోజు బావ మాటల్లేకుండా కూర్చున్నాడు. ఏటైందని అడిగితే పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "అన్నం సయించడం నేదురా. తిన్నదల్లా గొంతుకాడికి వొచ్చీసినట్టుంటాది. గేసు పట్టీసినట్టుంది."

"దానికేటి," అని ఉప్పు సోడా కలిపి ఇచ్చాను. తాగాడు, త్రేన్చాడు, మొహం విచ్చుకుంది. మరుసటి వారం మళ్లీ అదే మాట. ఆ తర్వాత వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు సన్యాసయ్య ఒంటినొప్పులకో సూది, గేసుకో మాత్ర ఇచ్చేవాడు. వాటి మీద నా సోడా. ఒక్కోరోజు రెండు తాగేవాడు. డబ్బులివ్వబోతే నేను కోప్పడేవాణ్ని. బావకి ఆ మాత్రం చేసుకోలేనా అని.

అదే ఏడాది అప్పకి ప్రభుత్వం వాళ్ల గ్యాసు పొయ్యి వచ్చింది. ఊళ్లో మొదటి పది ఇళ్లలో అప్పదొకటి. కళ్లు మంటలెత్తకుండా వండుకోవచ్చని ఎంత మురిసిపోయిందో. పసుపు రాసి, బొట్టు పెట్టి వెలిగించింది. సరిగ్గా అప్పుడే బావ కడుపు ఇంకా చెడింది. ఇక ఊరంతా తేల్చేసింది. గ్యాసు మీద వండిన కూడు తింటే గ్యాసు పట్టదా మరి! పక్కింటి అసిరమ్మ తన మొగుడికీ అలాగే అయిందని చెప్పి, పొయ్యిని అటకెక్కించేసింది.

అప్ప నన్నడిగింది. "నువ్వు రోజూ గేసుతోటే ఉంటావు గదరా. నిజమేనేటి?"

తెలీదని చెప్పి ఉండవచ్చు. కానీ నన్ను అడిగారు కదా, పెద్దమనిషిలా గడ్డం నిమురుకున్నాను. "కొన్నాళ్లు మానీసి సూడప్పా, పోయిందేటుంది," అన్నాను.

బావ కూతురు శ్రావణి అప్పుడు తొమ్మిదో తరగతి. గుమ్మం దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తలెత్తి, "మావయ్యా, పొయ్యిలో గ్యాసు మండిపోతాది. అన్నంలోకి ఎలగెల్తాది? మా సైన్సు మేస్టారు సెప్పారు," అంది. అప్పా, బావా, నేనూ ముగ్గురం కలిసి ఆ పిల్ల నోరు మూయించాం. ఆ సాయంత్రమే అప్ప మళ్లీ కొబ్బరి మట్టలు, జీడి పుల్లలు పెట్టి ఊదుతూ వంట మొదలుపెట్టింది. పొగకి కళ్లు తుడుచుకుంటూ, మొగుడి పొట్ట బాగుపడుతుందని సంతోషంగా ఊదింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పొట్ట బాగుపడలేదు. మరుసటి ఏడాదికి బావ మొహం ఉబ్బింది. ఒళ్లు చేశాడనుకున్నాం. పొద్దున్నే వాంతులయ్యేవి, ఒళ్లంతా దురద. చెట్టెక్కితే ఆయాసం వస్తోందని కాయలు దింపడానికి మనిషిని పెట్టుకున్నాడు. సన్యాసయ్య సూదులు పెరిగాయి. నేను ఉప్పు మూడు చిటికెలు వేయడం మొదలుపెట్టాను.

రెండువేల నాలుగు, మే నెల. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి బల్ల దగ్గరికి రాబోతూ రోడ్డు మీదే కూలబడ్డాడు. నేను పరుగెత్తి లేపి కూర్చోబెట్టి, మొదట ఏం చేశానో తెలుసా? సోడా కలిపాను. నోటికందిస్తే రెండు గుక్కలు తాగి అక్కడే కక్కేశాడు. అప్పుడు నాకు భయం వేసింది. ఢిల్లీబాబు వెల్డింగు ఆపి ఆటో పిలుచుకొచ్చాడు. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లిపోయాం.

అక్కడి డాక్టరు చిన్నవాడే. రక్తం తీయించి, కాగితం వచ్చాక చాలాసేపు దాన్నే చూశాడు.

"వాంతులు ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లుగా గేసండి," అన్నాడు బావ.

"గ్యాసని ఎవరు చెప్పారు?"

నేను నేల చూస్తున్నాను. బావ నీరసంగా ఉన్నా నా భుజం తట్టాడు. "ఇదిగో, మా బామ్మర్దే సెప్పాడు డాక్టరుగోరూ. పలాస మొత్తానికి గేసు గురించి ఈడికన్నా తెలిసినోడు నేడు." ఆ మాటలో వెటకారం లేదు. గొప్పగా చెప్పాడు. అదే నన్ను చంపేసింది.

డాక్టరు నన్ను బయటికి పిలిచాడు. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నాడు. ఏం పెట్టేవారని అడిగితే ఉప్పు సోడా సంగతి చెప్పాను. రోజుకెన్ని అన్నాడు. చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఉప్పు వల్ల వచ్చింది కాదిది. మీ ఉద్దానంలో ఎందుకింతమందికి వస్తోందో మాకూ తెలీదు. నీళ్లంటారు, నేలంటారు. కానీ ఈ జబ్బుకి ఉప్పు విషం. రెండేళ్ల కిందట ఒక్కసారి రక్తం చూపించి ఉంటే..." అని ఆపేశాడు. ఆపకుండా తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కథ మా వైపు వాళ్లందరికీ తెలిసిందే. మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి, ఆ మిషన్ విశాఖపట్నంలో ఉంది. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కించి తీసుకెళ్లేవాణ్ని. వాళ్ల జీడితోట ఎలా పోయిందో నేనిక్కడ చెప్పను, అది వేరే ఏడుపు. శ్రావణి పదో తరగతి పాసై కూడా కాలేజీకి వెళ్లకుండా వాళ్ల నాన్న మంచం దగ్గర కూర్చుంది. మొదట్లో బావ రైల్లో కూడా మాటలు ఆపలేదు. "నా రక్తం వారానికి రెండుమాట్లు ఉతికి ఆరేత్తన్నార్రా. జిల్లాలో ఇంత సుబ్బరమైన రక్తం ఎవుడికుంది సెప్పు," అని పక్కవాళ్లని నవ్వించేవాడు. గేసు కొట్టకు బావా అనాలని నోటిదాకా వచ్చేది, అనలేకపోయేవాణ్ని.

నీళ్లు రోజుకి మూడు గ్లాసులే తాగాలన్నారు. ఎండాకాలం, రైలు పెట్టె నిప్పుల కొలిమిలా ఉండేది. నౌపడ దాటాక ఉప్పు మడుల వైపు చూస్తూ పెదాలు తడుపుకునేవాడు. ఆగస్టులో ఒక రోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, ఒక్క సోడా కొట్టవేటిరా. ఉప్పొద్దులే. ఉత్తిదే. సీసా సప్పుడు ఇని శానా రోజులైంది." జీవితమంతా అడిగినవాడికల్లా సోడా ఇచ్చినవాణ్ని, ఆయనకి మాత్రం లేదన్నాను. డాక్టరు చెప్పింది చేశానని నన్ను నేను సముదాయించుకున్నాను. సెప్టెంబరు మొదటి వారంలో పోయాడు. ఇవ్వకూడనప్పుడు రెండేళ్లు పోశాను. ఇచ్చినా పెద్ద తేడా ఉండని రోజున లేదన్నాను. ఇందులో ఏది పెద్ద పాపమో నాకిప్పటికీ తెలీదు.

పదో రోజయ్యాక కొట్టు తెరిచాను. మొదటివాడు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "గేసు పట్టీసింది కూర్మయ్యా," అన్నాడు. మందస వైపు మనిషి. "సోడా ఇవ్వను. ముందు టెక్కలెల్లి రక్తం సూపించుకో," అన్నాను. నాకు పిచ్చెక్కిందేమో అన్నట్టు చూసి, స్టాండుకి అవతల కొత్తగా పెట్టిన సోడా బండి దగ్గరికి వెళ్లిపోయాడు. అలా ఎంతమందికి చెప్పానో. కొందరు నవ్వారు, కొందరు శాపనార్థాలు పెట్టారు. ఒకావిడైతే, "మా ఇంటికి ఆ జబ్బు అంటగడతావేటిరా సచ్చినోడా," అని బల్ల మీది గ్లాసు తీసి నేలకేసి కొట్టింది. చెప్పిన మాట విని వెళ్లినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లలో ఒకాయనకి అదే ఉందని తేలింది. ఆయన మళ్లీ నా కొట్టువైపు రాలేదు. వాళ్లబ్బాయి వచ్చి, "మా నాన్న నీ వల్ల మంచం ఎక్కీసినాడు," అని తిట్టిపోయాడు. తెలిసిన మర్నాటి నుంచే ఆయన లేవలేదట. ఇక నేను చెప్పడం మానేశాను. మానేసి ఉప్పు తగ్గించాను. నా చేతిలో మిగిలింది అంతే.

మరుసటి ఏడాది శ్రావణిని బతిమాలి టెక్కలిలో ఇంటర్లో చేర్పించి, హాస్టల్లో పెట్టాం. రెండువేల ఆరులో వాళ్ల ఊళ్లో రక్త పరీక్షల శిబిరం పెట్టారు. అప్ప వెళ్లిందా అని అసిరమ్మని అడిగితే, ఆ రోజంతా తోటల్లో పుల్లలు ఏరుకుందని చెప్పింది. అమ్ముకున్న తోటలో పుల్లలేమిటి? కావాలనే తప్పించుకుందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ తర్వాత పదిహేను రోజులకి, మంగళవారం, అప్ప నా కొట్టుకి వచ్చింది. చేతిలో సంచి. శ్రావణికి బెల్లం పోకుండలు చేసి పట్టుకెళ్తోంది. టెక్కలి బస్సు అప్పటికే స్టాండులోకి వచ్చి నిలబడింది. బల్ల మీద బావ కూర్చునే చోటే కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఒక సోడా కొట్టరా తమ్ముడా. రెండు మూడు నెలలై ఏటోలాగుంది. తిన్నదల్లా గొంతుకాడికి వొచ్చీసినట్టుంటాది. గేసనుకుంటాను."

ఆ మాట అక్షరం మార్చకుండా నేను ముందే విన్నాను. కిందికి చూశాను. చెప్పు పట్టీ అప్ప వాచిన పాదంలోకి దిగబడి ఉంది. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉంటుందని నాకు తెలుసు. నొక్కలేదు.

"అప్పా, కొట్టు మూసీసి నీతో బస్సెక్కుతాను. రక్తం ఇచ్చీసి, ఆ తరవాత శ్రావణి కాడికి ఎల్దాం."

"ఎల్లను."

"ఎందుకెల్లవు?"

"మీ బావ గేసన్నన్నాళ్లూ సోడా తాగి నవ్వుకుంటూ ఇంటికొచ్చీవోడు," అంది. గొంతు పెంచలేదు. "జబ్బుకి పేరు తెలిసినాక ఎన్నాళ్లున్నాడు? నాలుగు నెలలు. అయ్యైనా బతికినట్టు బతికినాడేటి?"

"అది ఆలిస్యమైపోబట్టి. ముందే తెలిస్తే మందులున్నాయి."

"తగ్గిపోద్దేటి మరి?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. అప్ప కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "తగ్గదు. ముదరకుండా కొన్నేళ్లు నిలబడతాది."

"ఎన్నేళ్లు?"

నాకు తెలీదు. డాక్టర్లకే తెలీదు.

"నా మాటిను," అంది అప్ప. "ఆ గుంట వాళ్ల నాన్న మంచంకాడ ఒకేడాది పారేసుకుంది. ఇప్పుడు నాకూ అదేనని తెలిసిందంటే పుస్తకాలు కట్టీసి వొచ్చీసి నా మంచంకాడ కూకుంటాది. వద్దన్నా ఇనదు, దానికి వాళ్ల నాన్న మొండి వొచ్చింది. నర్సు సదువుతానంటంది. మూడేళ్లు, నాలుగేళ్లు. అంతవరకూ ఇది గేసే అనుకుందాంరా. నువ్వూ నానూ."

నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా అరిచాను. నువ్వూ పోతే నాకెవరున్నారే అన్నాను, నన్ను పెంచినదానివి నన్నే ఇంకోసారి హంతకుణ్ని చేస్తావా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. బస్సు కిటికీల్లోంచి జనం చూశారు. అప్ప మాత్రం చిన్నప్పుడు నేను అన్నం దగ్గర మారాం చేస్తే ఎలా చూసేదో అలాగే చూస్తూ కూర్చుంది. నా మాటలన్నీ అయిపోయాక, "సోడా కొట్టరా, బస్సెలిపోతాది," అంది.

శ్రావణి హాస్టలు ఫోను నంబరు నా జేబులో ఉంది. రెండు కొట్ల అవతల ఫోను బూత్ ఉంది. ఒక్క మాట చెబితే ఆ పిల్ల సాయంత్రానికల్లా వచ్చి తల్లిని ఆసుపత్రికి లాక్కుపోతుంది. లాక్కుపోయి, ఇక కాలేజీకి వెళ్లదు. అటు చూసినా గొయ్యే, ఇటు చూసినా గొయ్యే. డ్రైవరు హారను కొట్టాడు.

సీసా తీశాను. నిమ్మకాయ పిండాను. గోళీ కొట్టి గ్లాసులో పోసి ఇచ్చాను. అప్ప ఒక గుక్క తాగి ఆగింది.

"ఉప్పెయ్యనేదేటిరా?"

"అయిపోనాదప్పా," అన్నాను.

ఉప్పు డబ్బా మా ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉంది, నిండుగా, మూత లేకుండా. అప్ప దాన్ని చూసింది. నన్ను చూసింది. గ్లాసు ఎత్తి చివరి చుక్కదాకా తాగింది.

"తగ్గిపోనాది," అని లేచింది. త్రేన్పు రాలేదు. సంచి అందుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ వెళ్లి బస్సెక్కింది.